బుగ్గ మీద గీత

ఆ పొద్దున ఆకాశం కురవనూ లేదు, తెరిపి ఇవ్వనూ లేదు. మబ్బు బాగా కిందికి దిగి, సరిగ్గా ఆరని పూతలాగా ఒకచోట తెల్లగా, ఒకచోట నల్లగా మరకలు కట్టి నిలబడిపోయింది. తాపీమేస్త్రి వాకిట్లోకి వచ్చి తలెత్తి చూశాడు. నిన్న సాయంత్రం పూసిన గోడ ఒకటి ఊరి అవతల ఇంకా పచ్చిగా ఉంది. వాన పడితే జారిపోతుంది. ఇంకో రోజయితే ఆ గోడ గురించే బెంగపడేవాడు. ఆ రోజు మాత్రం, వాన వస్తే బస్సు ఆలస్యమవుతుంది, బస్సు ఆలస్యమైతే ఆసుపత్రి వరసలో వెనకబడతాం, అని ఒక్కటే అనుకున్నాడు.

లోపల కూతురు మంచం మీద కూర్చుని ఉంది. అప్పుడే లేచింది అనడానికి లేదు, రాత్రంతా పడుకున్నదెక్కడ? తొమ్మిదేళ్ళ పిల్ల. గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుందని ఇరుగుపొరుగు పిచిక అని పేరు పెట్టారు. నాలుగు రోజులుగా ఆ పిచిక గొంతు ఇంట్లో వినబడటం లేదు. ఎడమవైపు పైవరసలో వెనకపన్ను పుచ్చి, చీము పట్టి, బుగ్గ ఉబ్బి నిగనిగలాడుతోంది. మంచినీళ్ళు తప్ప ఏదీ లోపలికి పోవడం లేదు.

"ఏమయ్యా, ఈసారైనా నోరు విప్పు," అంది భార్య, పిల్లకి జడ వేస్తూ. "గోడలతో మాట్లాడినంత కూడా మనుషులతో మాట్లాడవు నువ్వు."

"మాట్లాడతాలే."

"ఏం మాట్లాడతావో. నేనొద్దామంటే ఈ నెల ఇప్పటికే రెండు నాగాలు. మూడోది పెడితే నా మిషను ముందు ఇంకొకత్తి కూర్చుంటుంది." ఆమె చొక్కాలు కుట్టే కార్ఖానాలో బొత్తాల పని చేస్తుంది. జడ చివర రిబ్బను బిగించి, పిల్ల గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. "నొప్పుందా అంటే ఏం చెప్పాలి?"

"లేదని."

"ఏడుస్తావా?"

"ఏడవను."

"మా తల్లే," అని ముద్దు పెట్టబోయి, ఆ బుగ్గ కాదని గుర్తొచ్చి, నుదుటి మీద పెట్టింది.

ఈ పాఠానికి కారణం ఉంది. పదిహేను రోజుల కిందట ఇదే ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. పిల్ల కుర్చీని చూసి కేకలు పెట్టింది, అద్దం నోట్లో పెడితే డాక్టరు వేలు కొరికింది. ఆ రోజున్నది ముసలి డాక్టరు. వేలు కడుక్కుంటూ, "ఏడ్చే పిల్ల నోట్లో పనిముట్లు పెట్టలేను. కాస్త నేర్పుకుని తీసుకురండి," అని ఐదు రోజులకి మాత్రలు రాసి పంపేశాడు. మాత్రలకి వాపు తీసింది. మాత్రలు అయిపోగానే, పోయిన వాపు చుట్టాన్ని వెంటబెట్టుకొచ్చినట్టు రెట్టింపై తిరిగొచ్చింది.

నేర్పుకుని రమ్మన్నారు కాబట్టి నేర్పారు. మేస్త్రికి ఏ పని చెప్పినా అంతే, చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. రోజూ సాయంత్రం పిల్లని ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, తను డాక్టరయ్యేవాడు. భార్య ముక్కుకి రుమాలు కట్టుకుని నర్సయ్యేది. చెంచా నోట్లో పెట్టి పన్ను మీద తట్టేవాడు. మొదటి రోజు పిల్ల ఏడ్చింది. మూడో రోజుకి కళ్ళు మూసుకుంది. వారం తిరిగేసరికి నోరు ఎంత తెరవమంటే అంత తెరిచి, రెప్ప వాల్చకుండా పైకప్పుకేసి చూస్తూ కూర్చోవడం వచ్చేసింది. "నొప్పి?" అంటే "లేదు." తల్లిదండ్రులిద్దరూ పిల్ల తెలివికి మురిసిపోయారు.

నిన్న మందుల కొట్టతను మాత్రం బుగ్గ చూసి మొహం మాడ్చాడు. "ఇది పైకి పాకుతోంది మేస్త్రీ. కంటిదాకా పోతే మన చేతిలో ఉండదు. పన్నే కదా అనుకోకు, ఇలాంటివి మనుషుల్ని తీసుకుపోయాయి," అన్నాడు. ఆ మాట మేస్త్రి ఇంట్లో చెప్పలేదు. చెప్పకుండానే రాత్రంతా మోశాడు.

బస్సు వేళకే వచ్చింది. అయినా వాళ్ళు చేరేసరికి పళ్ళ విభాగం తలుపు ముందు చెప్పులు బారు తీరి ఉన్నాయి. అక్కడి పద్ధతి అది. తెల్లవారకముందే వచ్చినవాళ్ళు వరసలో చెప్పులు వదిలి అరుగు మీద కూర్చుంటారు. చెప్పుల వెనక చెప్పులు, మధ్యలో ఒక చేతిసంచి, ఒకచోట ఇటుకముక్క. మేస్త్రి లెక్కపెట్టాడు. తమది తొమ్మిదో చోటు. రోజుకి పన్నెండు మందిని చూస్తారు. చుట్టూ మూడు నాలుగు ఊళ్ళకి డబ్బు అడగని పళ్ళాసుపత్రి ఇదొక్కటే ఉంది, ఒకే గది, ఒకే కుర్చీ. రెండో కుర్చీ పాడై, దాని మీద దుప్పటి కప్పి ఏడాదయింది.

తన చెప్పులు విడిచి, పిల్లవి వాటి పక్కన పెట్టబోతే, అరుగు మీది ముసలామె వారించింది.

"ఒక్క జతే అబ్బాయ్. రెండు జతలు పెడితే ఇద్దరనుకుని వెనకాలవాళ్ళు నీతో యుద్ధానికొస్తారు."

"సరే పెద్దమ్మా."

"పిల్లకేనా? అయ్యో, ఇదేం వాపు తల్లీ. నాకైతే వాపొచ్చేందుకు కూడా ఏం మిగల్లేదు. ఉన్నవి మూడు పళ్ళు. మూడూ మూడు మూలల్లో కాపలా కాస్తున్నాయి." ఆమె నోరు తెరిచి చూపించింది. పిచిక నవ్వబోయి బుగ్గ పట్టుకుంది. "పళ్ళసెట్టు కోసం పేరు రాయించి పధ్నాలుగు నెలలు. నా పేరు పిలిచేనాటికి పెట్టుకోడానికి నోరుంటుందో లేదో అని నా కోడలికి ఒకటే సంబరం."

ముందు వరసలో, తలకీ గడ్డానికీ కలిపి తువ్వాలు కట్టుకున్న లారీ డ్రైవరు ఒకడు గోడకి ఆనుకుని ఉన్నాడు. వాడు పళ్ళ సందునుంచి మాట్లాడాడు. "పట్టకారుతో నేనే పీకేసుకుందామనుకున్నా పెద్దమ్మా. మా క్లీనరు గాడు పట్టుకుంటానన్నాడు. వాడి చేతులు చూశాక నొప్పే నయమనిపించింది."

ఎనిమిదింటికి కిటికీ తెరుచుకుంది. లోపల నర్సు, ఆమె ముందు ఒక కాగితాల బొత్తి. వంతు వచ్చినవాళ్ళని ఒక్కటే అడుగుతోంది. నొప్పి పదిలో ఎంత? ఏడు దాటితే ఆ రోజుకి టోకెను. లోపయితే పుస్తకం తిరగేసి తేదీ రాసి ఇస్తుంది. పోయినసారి ఈ పద్ధతి లేదు. మేస్త్రి వరసలో నిలబడి అది గమనించాడు గాని, దాని సంగతి ఆయనకి సరిగ్గా బుర్రకెక్కలేదు. ఎదుటివాళ్ళు కోప్పడకుండా చూసుకోవడమే ఆయన ధ్యాసంతా.

డ్రైవరు కిటికీ చువ్వలు రెండు చేతులా పట్టుకున్నాడు. "పదిలో ఎంతేంటమ్మా, పద్నాలుగు. నా పెళ్ళాం పురుడప్పుడు కూడా ఇంత అరవలేదు." టోకెను పట్టుకుని పక్కకి వెళ్ళాడు.

పిచిక వంతు వచ్చింది. నర్సు తలెత్తి చూసింది. దువ్విన తల, రిబ్బను, ఇస్త్రీ గౌను. వాపున్న బుగ్గ గోడవైపు ఉంది.

"నొప్పి ఎంతుందమ్మా? పది అంటే చాలా ఎక్కువ, ఒకటంటే కొంచెం."

పిల్ల తండ్రికేసి చూసింది. మేస్త్రి అలవాటుగా తల ఊపాడు, సాయంత్రాలు ముక్కాలిపీట దగ్గర ఊపినట్టే.

"రెండు," అంది పిచిక.

"ఏడుపొస్తోందా?"

"లేదు. నేనేడవను."

"బంగారుతల్లి," అని నర్సు పుస్తకం తిరగేసింది. తేదీ రాసి చీటీ చేతికిచ్చింది. మేస్త్రి ఆ చీటీ రెండుసార్లు చదివాడు. పదకొండు వారాల తరవాత.

"అమ్మా," అన్నాడు. చీటీని మళ్ళీ కిటికీలోకి చాపాడు. "అమ్మా, పిల్ల నాలుగు రోజుల్నించి అన్నం తినలేదు."

"తండ్రులందరూ అలాగే అంటారయ్యా. పిల్ల నోటితో చెప్పింది రాశాను. ఇంకా ఐదారుగురికే చోటుంది, నీ వెనకాల ఇరవై మంది ఉన్నారు. నేనేం చెయ్యను చెప్పు." ఆమె గొంతులో కోపం లేదు. అలసట ఉంది.

మేస్త్రి వంగి పిల్ల భుజాలు పట్టుకున్నాడు. "పిచికా, నిజం చెప్పమ్మా. నొప్పుందని చెప్పు. ఇప్పుడు చెప్పొచ్చు."

పిల్ల ఆయన మొహంలోకి పరీక్షగా చూసింది. ఇది కూడా పాఠంలో భాగమే, తడబడితే తప్పిపోతానేమో అనుకున్నట్టుంది. మెడ నిటారుగా పెట్టి, నోరు బాగా తెరిచి, పైకప్పుకేసి చూస్తూ నిలబడింది.

వెనకవాళ్ళు నెట్టారు. ఆయన పక్కకి తప్పుకున్నాడు.

"మేస్త్రీ," అన్నాడు డ్రైవరు తువ్వాలు సవరించుకుంటూ, "పిల్లకి నేర్పాల్సింది నేర్పలేదు నువ్వు."

"నేర్పాను," అన్నాడు మేస్త్రి. "నేర్పడమే నేర్పాను."

రోడ్డుకి అవతల అద్దాల తలుపుతో ప్రైవేటు పళ్ళాసుపత్రి ఉంది. పిల్ల చెయ్యి పట్టుకుని అటు దాటాడు. లోపల చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. బల్ల వెనక కూర్చున్న అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. చూసినందుకింత, ఎక్స్‌రేకింత, చీము తీసి పన్ను బాగుచేసి తొడుగు వెయ్యడానికింత అని ఒక కాగితం మీద వరసగా రాసి ఇటు తిప్పింది. మేస్త్రి డబ్బుని కూలి రోజులుగా లెక్కవేసుకునే మనిషి. అవి నలభై ఆరు రోజులు. ఆయన జేబులో మూడు రోజులున్నాయి.

"సగం ముందు కట్టి, సగం తరవాత ఇచ్చినా పరవాలేదండీ," అందా అమ్మాయి.

"ఉత్తినే పీకేస్తే?"

"వాపుంది కదండీ. ఎక్స్‌రే లేకుండా మా డాక్టరుగారు ముట్టుకోరు." ఎక్స్‌రే, పీకడం కలిపితే అదీ పదకొండు రోజులు.

కాగితాన్ని జాగ్రత్తగా మడిచి ఆమెకే తిరిగిచ్చి బయటికొచ్చాడు.

బయట సన్నగా తుంపర మొదలైంది. ఇంటికి వెళ్ళిపోతే ఇక ఈ రోజు అయిపోయినట్టే. భార్యకి ఏం చెప్పాలి? మందుల కొట్టతని మాట చెవుల్లో గింగురుమంటోంది. ఎక్కడికి వెళ్ళాలో తోచక మళ్ళీ ఆసుపత్రి అరుగు మీదికే వచ్చి కూర్చున్నాడు. పిల్ల ఒళ్ళో తల పెట్టుకుంది. ఒళ్ళు వెచ్చగా ఉంది.

ఆయన ఆ బుగ్గకేసే చూస్తూ ఉండిపోయాడు. పొద్దున బస్సులో ఉన్నంతే ఉందా? పెరిగిందా? భయంతో చూసే కన్నుకి ప్రతిదీ పెరిగినట్టే ఉంటుంది. గోడకి పగులు కనబడినప్పుడు ఇంటివాళ్ళు ఇలాగే కంగారుపడతారు. రోజూ చూసి, పెరిగిందంటాడొకడు, లేదంటాడొకడు. అప్పుడు మేస్త్రులు చేసే పని ఒకటుంది. పగులు కొస ఎక్కడుందో అక్కడ పెన్సిలుతో అడ్డంగా గీత గీసి, పక్కన తేదీ వేసి వెళ్ళిపోతారు. గీత దాటితే పునాది కదులుతున్నట్టు. దాటకపోతే పూతలో లోపం, అంతే.

చెవి మీద పెన్సిల్ ఎప్పుడూ ఉండేదే. తీసి, మొన నాలుకతో తడిచేసి, "కదలకమ్మా," అని వాపు ఎక్కడ ఆగిందో వేలితో తడిమి చూశాడు. కంటికింద ఎముకకి రెండు వేళ్ళ దిగువన మెత్తని చర్మం గట్టిపడుతోంది. ఆ అంచు వెంట సన్నగా గీత గీశాడు. గోడ గడియారం చూసి గీత పక్కన వేళ వేశాడు. తొమ్మిదిన్నర.

"ఇదేం ముగ్గు అబ్బాయ్ పిల్ల మొహం మీద?" అంది ముసలామె. ఆమెకి ఆ రోజు కూడా ఇంకో తేదీయే ఇచ్చారు. అయినా వాన తగ్గేదాకా ఉందామని కూర్చుంది.

"చూద్దామని పెద్దమ్మా."

"ఏం చూస్తావు?"

ఆయన పిల్ల తల మెల్లగా పక్కకి దింపి లేచాడు. కాలుగాలిన పిల్లిలా అరుగు మీద ఆ కొసకీ ఈ కొసకీ తిరిగాడు. ముసలామె పిల్లకి తన కొంగు కప్పింది. పదిన్నరకి చూశాడు, వాపు గీతని ఆనుకుని ఉంది. పదకొండున్నరకి గీత వాపు మీదే ఉంది. గట్టిదనం దాన్ని దాటి ఒక వేలి మందాన పైకి పోయింది, కిందిరెప్ప బరువెక్కింది. రెండో గీత గీశాడు. వేళ వేశాడు. ఈసారి గీత వంకరపోయింది. ఇరవై రెండేళ్ళ పనిలో వంకర గీత గీయడం ఆయన ఎరగడు.

పిల్లని ఎత్తుకుని తిన్నగా గది తలుపు దగ్గరికి నడిచాడు. పన్నెండో మనిషి లోపలున్నాడు. నర్సు అడ్డం వచ్చింది.

"ఏంటయ్యా ఇది, తేదీ ఇచ్చాను కదా."

ఆయన పిల్ల మొహాన్ని నర్సువైపు తిప్పాడు. ఆమె గీతలు చూసింది, అంకెలు చూసింది. పొద్దున ఈ బుగ్గ గోడవైపున్న సంగతి అప్పుడే ఆమెకి గుర్తొచ్చినట్టుంది. "డాక్టరమ్మా," అని లోపలికి పిలిచింది, "ఒక్కసారి ఇటు రండి."

ఈసారి ఉన్నది వయసులో ఉన్న డాక్టరమ్మ. చేతి తొడుగులు తీస్తూ వచ్చి, వంగి చూసింది.

"ఇవి ఎవరు గీశారు?"

"నేనేనమ్మా."

"ఎవరు చెప్పారు ఇలా గియ్యమని?"

"ఎవరూ చెప్పలేదమ్మా. గోడలకి గీస్తాం. పెరుగుతోందో లేదోనని."

ఆమె బుగ్గ మీద రెండు వేళ్ళు పెట్టి నొక్కింది, కంటిరెప్ప ఎత్తి చూసింది, జ్వరం చూడమంది. పదమూడో మనిషికి ఆ గదిలో చోటు లేదు. అయినా పన్నెండో మనిషిని పంపించి, ఆమె మళ్ళీ చేతులు కడుక్కుంది.

కుర్చీలో పడుకోబెట్టి దీపం వేసి చూశాక, మేస్త్రిని పక్కకి పిలిచింది. "పన్ను తీసెయ్యాలి. ఇప్పుడే. చీము బయటికి రాకపోతే రేపటికి కంటిమీదికి పోతుంది. నిలబెట్టొచ్చు ఆ పన్నుని, కాని దానికి కావలసిన మిషను ఇక్కడ లేదు. పెద్దాసుపత్రిలో వరస ఏడు నెలలు. అంతవరకూ ఇది ఆగదు."

"తీసెయ్యండమ్మా. ఎలాగూ ఊడేదే కదా."

డాక్టరమ్మ ఆగింది. "ఊడేదంటే?"

"పాలపన్నే కదమ్మా. మొన్న మొన్నటిదాకా వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి."

"ఇది పాలపన్ను కాదు." ఆమె మెల్లగా చెప్పింది. "ఆరేళ్ళకి వెనకాల వస్తుంది, దేన్నీ ఊడగొట్టకుండా. అందుకే ఎవరికీ తెలీదు. రోజుకి నలుగురొస్తారు మీలాగే. ఇది పోతే మళ్ళీ రాదు. జీవితాంతం ఉండాల్సిన పన్ను ఇది."

మేస్త్రికి ఏడాది వెనకటి సంగతి కళ్ళ ముందు మెదిలింది. పిల్ల నోరు చూపించి నల్లచుక్క ఉందంటే, ఊడిపోయేదానికి ఏం ఖర్చులే, అని భార్యా తనూ తేల్చేశారు. అప్పుడైతే చుక్క పూడ్చడానికి ఒక పూట చాలేదేమో.

నర్సు కాగితం తెచ్చింది. ఆయన సంతకం పెట్టాడు. పెడుతుంటే, తను చేసిన పనిని తన చేత్తోనే పగలగొట్టమని ఎవరో చెప్పినట్టనిపించింది.

నర్సు దూదితో పిల్ల బుగ్గ మీది గీతలు తుడిచేసింది. సూది వేశారు. "చీముంది కాబట్టి మందు పూర్తిగా పట్టదు, కొంచెం తెలుస్తుంది," అంది డాక్టరమ్మ. "కాళ్ళు పట్టుకోండి. పాపా, ఏడుపొస్తే ఏడువు తల్లీ. ఇక్కడెవరూ ఏమీ అనరు."

పిల్ల తండ్రి కోసం కళ్ళు తిప్పింది.

"ఏడువమ్మా," అన్నాడు మేస్త్రి. "ఏడవొచ్చు."

ఆమె ఏడవలేదు. పైకప్పుకేసి చూసింది. ఆయన చేతుల్లో ఆ చిన్న కాలివేళ్ళు ముడుచుకుని, ముడుచుకుని, గోళ్ళు ఆయన అరచేతిలో గుచ్చుకున్నాయి. లోపల ఏదో కర్ర విరిగినట్టు చిన్న చప్పుడయింది. డాక్టరమ్మ పన్నుని పళ్ళెంలో వేసింది. ఆయన తలదించుకుని ఆ కాలివేళ్ళనే చూస్తూ ఉండిపోయాడు.

మందులు చేతికిచ్చి, రేపొకసారి చూపించమంది డాక్టరమ్మ. రాత్రికి జ్వరం పెరిగితే గాని, కన్ను మూసుకుపోతే గాని వేళ చూసుకోకుండా రమ్మంది. బయటికొచ్చేసరికి ముసలామె వెళ్ళిపోయింది. వాన వెలిసింది. బస్సులో పిల్ల కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. ఆయన మాటిమాటికీ ఆ కంటిరెప్పనే చూస్తూ కూర్చున్నాడు. దిగేసరికి రెప్ప కొంచెం తేలికపడ్డట్టనిపించింది. అనిపించడమే, రూఢిగా చెప్పలేడు.

దీపాలు పెట్టేవేళకి భార్య పరుగుపరుగున వచ్చింది. సంచీ అవతల పడేసి పిల్ల బుగ్గ చూసింది, నుదురు చూసింది, నోరు తెరిపించి దీపం కింద చూసింది.

"తీసేశారా?"

"తీసేశారు."

"ఏడ్చిందా?"

"లేదు."

ఆమె గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. నాలుగు రోజుల్లో మొదటిసారి ఆమె మొహం తేటపడింది. "పోనీలే, పీడా పోయింది. పాలపన్నేగా. రెండు నెలలు తిరిగేసరికి దాని చోట్లో ముత్యంలాంటిదొస్తుంది చూడు," అంటూ పొయ్యి దగ్గరికి వెళ్ళింది. జావ కాచింది. పిల్లకొక్కదానికే కాదు, ముగ్గురికీ అదే కాచింది.

మేస్త్రి చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. ఇప్పుడు చెప్పాలా, తిన్నాక చెప్పాలా, రేపు చెప్పాలా? పొద్దుటినుంచీ ఆమె కార్ఖానాలో బొత్తాలు కుడుతూ ఎంత వేగిపోయిందో తనకి తెలుసు. ఈ ఒక్క పూటా ఆ మొహాన్ని అలాగే ఉండనిస్తే ఏం పోయింది?

పిచిక గిన్నె ముందు కూర్చుని నోట్లోని దూది తీసి మెల్లగా అంది. "రాదంట."

తల్లి గరిటె పట్టుకున్న చెయ్యి ఆగింది. "ఏంటే?"

"అది పాలపన్ను కాదంట. ఇంకెప్పుడూ రాదంట. డాక్టరమ్మ నాన్నతో చెప్పింది."

ఆమె మొగుడి వైపు తిరిగింది. ఆయన కాదనలేదు. ఆమె ఏదో అడగబోయింది, ఊడిపోయేదానికి ఏం ఖర్చులే అని ఏడాది కిందట తనూ అన్న మాట గుర్తొచ్చినట్టుంది. మూడు గిన్నెల్లోకీ జావ పోసి, పిల్లది చల్లారడానికి పళ్ళెంలోకి వంచి, తనూ వచ్చి పక్కన కూర్చుంది.

పిల్ల కుడివైపునుంచి చిన్న చిన్న గుక్కలుగా మింగింది. ప్రతి గుక్కకీ ఇద్దరూ తలెత్తి చూశారు. సగం తాగాక పిల్ల కళ్ళనుంచి నీళ్ళు కారడం మొదలైంది. శబ్దం లేకుండా, ఆగకుండా, చెంపల మీదుగా జావలోకి. ఎవరూ తుడవలేదు, ఎవరూ వద్దనలేదు. తల్లి ఎడంచెయ్యి పిల్ల వీపు మీద వేసింది. ముగ్గురూ తలలు వంచుకుని గిన్నెలు ఖాళీ అయ్యేదాకా తాగారు.